గొట్టం మూతి

రాఘవమ్మకు బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, దాని పేరు బిందుమాధవి. ఆ పేరు గల మనిషి సాక్షాత్తూ ఆవిడ తోడికోడలు, మరిది కోటేష్ భార్య. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల పోపు వేస్తే ఇవతల రాఘవమ్మకు కడుపులో చిటపటలాడేది.

ఆ జబ్బు పంపకాల రోజున మొదలైంది. కృష్ణ పాయ ఒడ్డునున్న ఎకరం పొలాన్ని మామగారు కొడుకులిద్దరికీ చెరి అర ఎకరం చేసి చీట్లు వేయించాడు. "కొత్త కోడలు, లక్ష్మీకళ ఉన్న పిల్ల. ఆ పిల్ల చేత తీయించండి" అన్నాడు. పెళ్లయి నెల తిరగని బిందు కళ్లు మూసుకుని చీటీ తీసింది. ఎగువ చెక్క వచ్చింది. దిగువ చెక్క రాఘవమ్మ మొగుడు వెంకయ్యకు మిగిలింది. అప్పటికి రాఘవమ్మ కాపురానికొచ్చి ఏడేళ్లు. ఏడేళ్లుగా తన మొహంలో ఎవరికీ కనపడని లక్ష్మీకళ ఆ పిల్లకు నెలలోనే ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆవిడకు ఈనాటికీ అర్థం కాలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా మరి.

కాలవ కింద సేద్యం చేసినవాళ్లకు ఎగువ, దిగువ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నీళ్లు ముందు బిందు చెక్కకు వెళ్లాలి. దాని దాహం తీరాక ఏమైనా మిగిలితే రాఘవమ్మ చెక్కకు రావాలి. బిందు మిరప కాపు మీదున్నప్పుడు రాఘవమ్మ మిరప తల వేలాడేసేది. "తోడికోడలి ఎంగిలి నీళ్లతో సేద్యం చేశానమ్మా ఇన్నేళ్లూ" అని ఆవిడ కనపడిన వాళ్లందరికీ చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు.

తర్వాత ఒక ఏడు అన్నదమ్ములిద్దరూ ఇటుక బట్టీకి పైమట్టి అమ్ముకున్నారు. రెండు చెక్కలూ నడుం లోతు గోతులై, తుంగ మొలిచి, కప్పలకు కాపురాలయ్యాయి. ఊరంతా అయ్యో అంది. రాఘవమ్మ మాత్రం అవి గోతులుగా ఉన్న మూడేళ్లూ హాయిగా నిద్రపోయింది. గోతికి ఎగువా దిగువా ఉండవు కదా.

కిందటేడు ఎండాకాలంలో పాయలో పూడిక తీసే డ్రెజ్జరు దిగింది. ఏటి అడుగున ఉన్నదంతా నీళ్లతో సహా పీల్చి, పొడుగాటి ఇనప గొట్టం గుండా ఒడ్డుకు చిమ్మే యంత్రం అది. తీసిన పూడిక పోయడానికి వాళ్లకు చోటు కావాలి, గోతులు పూడడానికి వీళ్లకు మట్టి కావాలి. బేరం కుదిరింది. గొట్టాల పని చూసే షబ్బీర్ వచ్చి రెండు చెక్కల మధ్య గట్టు మీద నిలబడ్డాడు.

"గొట్టం మూతి ఎవరి చెక్కలో పెట్టమంటారు?"

"నా చెక్కలో" అంది రాఘవమ్మ, అతని మాట పూర్తి కాకముందే.

షబ్బీర్ తల గోక్కున్నాడు. "ఒక మాట చెప్తా వినండమ్మా. మూతి దగ్గర బరువు ఇసకే పడుద్ది. మెత్తటి ఒండ్రు నీళ్లతో పాటు కొట్టుకుపోయి ఆ చివర దిగుద్ది. కొన్నాళ్లు ఇటు, కొన్నాళ్లు అటు పెట్టామనుకోండి, ఇద్దరికీ సమానంగా ఉంటది."

ముందురోజు సాయంత్రం బిందు ఇతనికి చెంబుడు మజ్జిగ ఇవ్వడం రాఘవమ్మ గోడ మీంచి చూసింది. "మజ్జిగ పోసినవాళ్ల మాట మాట్లాడుతున్నావా బాబూ? పాతికేళ్లు చివరన ఉండి చూశా. చివరికి ఏం వచ్చిద్దో నువ్వు నాకు చెప్పక్కర్లా."

"అక్కా, ఆయన చెప్పేది వినరాదా" అంది బిందు.

అంతే, అక్కడితో తేలిపోయింది. బిందు వినమన్న మాటలో బిందుకు లాభం లేకుండా ఉంటుందా? వెంకయ్య నోరు తెరిచి, పెళ్లాం మొహం చూసి మూసుకున్నాడు. గొట్టం రాఘవమ్మ చెక్కలోకే వచ్చింది.

నలభై రోజులు ఆవిడ క్యారేజీ కట్టుకుని వెళ్లి మరీ చూసింది. నల్లటి నీళ్లు హోరుమంటూ పడేవి. ఇసక గుట్టలు గుట్టలుగా లేచింది. ముందు నిండింది తన చెక్కే. మధ్యలో గట్టుకు కొట్టిన గండి గుండా బిందు చెక్కలోకి వెళ్లేది పలచటి టీ లాంటి నీళ్లే. అవి ఇంకిపోయాక అక్కడ మిగిలిన బూడిదరంగు బురద ఎండి నెర్రెలిచ్చింది. "పాపం, ఎంగిలి నీళ్లంటే ఏమిటో ఇప్పటికి తెలిసొచ్చింది దానికి" అని జాలిపడింది రాఘవమ్మ. జీవితంలో అంత తియ్యటి జాలి ఆవిడ ఎప్పుడూ పడలేదు.

శ్రావణంలో ఇద్దరూ మిరప నారు నాటారు. రాఘవమ్మ పొద్దున పెట్టిన తడి మధ్యాహ్నానికి లేదు. నీళ్లు జల్లెడలో పోసినట్టు కిందికి దిగిపోయేవి. యూరియా వేస్తే అది మొక్కకు అందకుండా పాతాళానికి పోయింది. ఎండెక్కితే అరికాళ్లు బొబ్బలెక్కేవి. గుప్పెడు తీసి పిసికితే నత్తగుల్లలు గుచ్చుకోవడమే తప్ప ముద్ద కట్టేది కాదు. గట్టు అవతల బిందు మట్టి పిసికితే సున్నుండలా నిలిచేది. మూడు వారాలకు రాఘవమ్మ మొక్కలు మాడిపోయాయి. బిందు మొక్కలు మోకాలెత్తు లేచాయి.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. బిందు నవ్వనైనా నవ్వలేదు. నవ్వితే తిట్టడానికైనా వీలుండేది. పైగా ఇంటికొచ్చి, "అక్కా, మా ఒండ్రు నాలుగు ట్రక్కులు తోలుకో. ఇసకలో కలిస్తే తడి ఆగుద్ది" అంది.

"నీ ముష్టి నాకేం అక్కర్లేదు" అని రాఘవమ్మ తలుపేసుకుంది.

ఉగాది వెళ్లాక వెంకయ్య, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, అన్నం ముందు కూర్చుని చెప్పాడు. "ఈ ఏడు కూడా పంట రాకపోతే చెక్క తమ్ముడికే కౌలుకిచ్చేస్తా. ఇక నా వల్ల కాదు."

రాఘవమ్మ కంచం పక్కకు తోసింది. తన చెక్కలో బిందు నాట్లు, తన గట్టు మీద బిందు నడక. అది చూడడం కన్నా ఆ ఇసకలోనే తనను పూడ్చిపెడితే నయం. ముష్టి వద్దన్న నోటితో మళ్లీ అడగడానికి మొహం లేదు. అడగకుండా తీసుకోవడానికి మొహంతో పని లేదు.

ఆషాఢం నుంచి ఆవిడ కోడి కూసే వేళకు తట్ట పట్టుకుని వెళ్లేది. గట్టు దాటి ఒక తట్టెడు ఒండ్రు గోకి తెచ్చి, మొక్క నాటబోయే ప్రతి గుంటలో రెండు దోసిళ్లు వేసి ఇసక కప్పేది. మొదటి మూడు రోజులు ఆ మట్టి పెంకులా ఉండి గోళ్లు విరిగాయి. నాలుగో రోజు నుంచి ఎవరో తవ్వి పెట్టినట్టు గుల్లగా, పొడిపొడిగా దొరికింది. పందికొక్కులు తవ్వి పోస్తున్నాయని అనుకుంది రాఘవమ్మ. అయినా దొంగకు దొంగబుద్ధి ఉండాలి కదా, కుళాయి దగ్గర కదిపి చూసింది.

"బిందూ, మీ గట్టు దగ్గర పందికొక్కులు తెగ తవ్వుతున్నాయి, చూసుకున్నావా?"

"చూశానక్కా. పోనీలే, వాటికీ ఏదో అవసరం ఉంటది."

ఈసారి నాటిన మొక్కలు బతికాయి. మొదలు దగ్గర వేలు పెడితే సాయంత్రానికి కూడా తడి తగిలేది. నాటాల్సినవి ఇంకా ఆరు సాళ్లు మిగిలాయి. ఒకరోజు మబ్బు పట్టిందని రాఘవమ్మ గంట ముందే వెళ్లింది. గట్టు దగ్గర ఎవరో వంగి ఉన్నారు. ఆవిడ ఆముదం చెట్ల చాటుకు తప్పుకుంది.

బిందు. చేతిలో పార. పెంకు కట్టిన ఒండ్రును తవ్వి గుల్ల చేస్తోంది. గడ్డలు చిదిపి, నత్తగుల్లలు ఏరి పారేస్తోంది. పనయ్యాక తన అడుగుల గుర్తులు పార వెనకతో చదును చేసి, గబగబా ఇంటిదారి పట్టింది.

రాఘవమ్మకు ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే, పాతికేళ్ల అలవాటు కొద్దీ, అసూయ వచ్చింది. చీటీలో ముందు అది. నీళ్లలో ముందు అది. పంటలో అదే ముందు. ఇక మంచితనంలో కూడా అదేనా?

మర్నాడు ఆవిడ ఇంకా ముందే వెళ్లింది. తట్ట తీసుకెళ్లలేదు, కొడవలి తీసుకెళ్లింది. ఒండ్రులో పైరుతో పాటు తుంగ కూడా ఏపుగా లేస్తుంది. బిందు చెక్కలో కూర్చుని రెండు సాళ్లు కలుపు తీసేసరికి పార భుజానేసుకుని బిందు వచ్చింది. చూసి, నిలబడిపోయింది.

రాఘవమ్మ తలెత్తకుండానే అంది. "గొట్టం సంగతి ఆ అబ్బాయి నిజమే చెప్పాడే. నువ్వు చెప్పించావనుకున్నా."

బిందు పార గట్టున పెట్టి, కొంగు దోపుకుని, పక్క సాలులో కూర్చుంది. రెండు తుంగ మొక్కలు పీకాక అంది.

"అక్కా, పందికొక్కులు కలుపు కూడా తీస్తాయా?"

రాఘవమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే, ఆ మాట తనకు ముందు తట్టనందుకు కడుపు మండింది. ఆ మంటతోనే కొడవలి బిగించి పట్టుకుని జోరు పెంచింది, బిందు కంటే ముందు చివరికి చేరాలని.