షట్టరు వెనక బుడిపె

మా వీధిలో అతన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు, పొట్టాయన అంటారు. కొయ్యని గిర్రున తిప్పే మిషను ముందు నిలబడితే కనుబొమల నుంచి చెప్పుల దాకా రంపం పొట్టే. భార్య గుమ్మంలోనే చీపురుతో దులిపి, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు, లోపలికి రా" అంటుంది. ఇన్నేళ్ళుగా అతను చేసినవి మంచం కోళ్ళు, కుర్చీ కాళ్ళు, మెట్ల పక్క కడ్డీలు. అన్నీ పొడుగు సామాన్లే. కర్రని రెండు చివరలా బిగించడం, మిషను తిప్పడం, ఉలి ఆనించి నున్నగా దించడం. ఆ పనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి పెరట్లో చెట్టు గాలివానకి కూలింది. దాని మొదలు దగ్గర నీళ్ళ బిందెంత బుడిపె ఉండేది. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ పని కాగానే దానికి వీపు ఆనించి కూర్చునేది. ఆ బుడిపె కోసం ఫర్నిచర్ కొట్టాయన స్కూటరేసుకుని వచ్చాడు. లోపల కొయ్య చారలు నీళ్ళ సుడుల్లా తిరిగి ఉంటాయట, చూసినవాళ్ళు వదలరట. అమ్మాయి ఇవ్వనంది. పొట్టాయన దగ్గరికి మోయించుకొచ్చి, "బాబాయ్, అమ్మ గుర్తుగా ఉంచుకుంటాను, పెద్ద గిన్నె చేసి పెట్టు" అంది.

"అదెంత పని తల్లీ!" అన్నాడు.

మర్నాటి నుంచి అతని షెడ్డు షట్టరు సగానికి దిగింది. మా వంటింటి కిటికీ దానికి ఎదురే. సగం షట్టరు కింద నాకు కనిపించేవి రెండు కాళ్ళే. ఓ మధ్యాహ్నం మిషను హోరులోంచి ధనామని చప్పుడైంది. రేకుల మీద పిడుగు పడ్డట్టే. ఆ తర్వాత మిషను ఆగిపోయింది, కాళ్ళు కూడా కదల్లేదు. కంగారుపడి పరిగెత్తాను. నేను వంగి చూసేలోపే అతను బయటికి దూరి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.

"ఏమైందయ్యా?"

"తలుపు తగిలింది వదినా."

"నీ షెడ్డుకి తలుపెక్కడిది? ఉన్నది షట్టరేగా!"

తేలు కుట్టిన దొంగలా మళ్ళీ షట్టరు కిందకి దూరాడు.

అప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఆ అమ్మాయి అడగడానికి వస్తే, "తడి కొయ్య, ఆరాలి తల్లీ" అని గుమ్మం దగ్గర నుంచే పంపేసేవాడు. ఆ వారంలోనే ఫర్నిచర్ కొట్టాయన వచ్చాడు. షట్టరు కింద నుంచి లోపలికి దూరాడు, పళ్ళికిలిస్తూ బయటికొచ్చాడు. వీధికి అంతకన్నా ఏం కావాలి? బుడిపె అమ్మేశాడని కుళాయి దగ్గర ఒకరు, ఏ పనికిరాని దుంగనో తిప్పి అంటగడతాడని ఇంకొకరు. నేనూ ఓ మాట కలిపాను. పైగా ఓ పొద్దున్న నేను ముగ్గుకి వంగినప్పుడు, అతను మూల కూర్చుని గోనెసంచిలోకి చెయ్యి పెట్టి, గుండ్రటిదేదో తీసి, రెండు చేతుల్లో బరువు చూసి, మళ్ళీ పొట్టులో పూడ్చేయడం నా కళ్ళారా చూశాను. పిల్లి పిల్లల్ని దాచుకున్నట్టు ఏమిటా దాపరికం?

చివరికి ఆ అమ్మాయే మా ఇంటికి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"పిన్నీ, అది నా బుడిపేనో కాదో నాకు తెలియాలి. అమ్మది అని చెప్పుకోడానికి ఇంకేమీ మిగల్లేదు. బాబాయే మోసం చేశాడంటే ఇక ఈ వీధిలో ఎవర్ని నమ్మను?"

ఇద్దరం వెళ్ళాం. షట్టరు నేనే ఎత్తాను.

"వదినా, ఇది మర్యాద కాదు" అన్నాడు.

"మర్యాద తర్వాత చూద్దాం. ఆ సంచిలో ఏముంది?"

అతను నా వైపు చూడలేదు. అమ్మాయినే చూస్తూ సంచిలోంచి మందంగా ఉన్న చిన్న గిన్నె తీశాడు. పక్కనే గుడ్డ విప్పితే మూడు చెక్క ముక్కలు.

"ఇదంతా నీదే తల్లీ. సగం పగలగొట్టాను."

మెల్లగా బయటపెట్టాడు. రెండు చివరలా పట్టుకుని తిప్పడమే అతనికి వచ్చిన విద్య. గిన్నెకి నోరు తొలవాలంటే ఒక చివర వదిలెయ్యాలి. వెనక నాలుగు మేకులతో మిషనుకి బిగించి తిప్పాడట. బుడిపె లోపల బెరడు దాగి ఉందని తెలీక ఉలి నొక్కాడు. కొయ్య చీలి, పైకప్పుకి తగిలి, నుదుటికి తగిలి పడింది. రేకు మీద సొట్ట ఇంకా ఉంది. ఫర్నిచర్ కొట్టాయన కొయ్యని వెనక నుంచి దవడల్లా కరిచిపట్టే ఇనప పట్టు ఎరువిచ్చి వెళ్ళాడు. మిగిలిన సగం లావుగా తొలిచి, ఎండకి బీటలివ్వకుండా దాని పొట్టులోనే పెట్టి, రోజూ బరువు చూసుకుంటూ ఆరబెట్టాడు.

"నాతో చెప్పొచ్చుగా బాబాయ్?"

"అదెంత పని అన్నాగా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అమ్మాయి ముక్కల్ని ముట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు తిప్పు. నేను చూస్తాను."

అతను కొయ్యని పట్టులో బిగించి, చేత్తో ఓసారి తిప్పి చూసుకుని మిషను వేశాడు. ముందు టకటకమని కొట్టుకుంది, తర్వాత చప్పుడు సన్నబడింది. ఉలి కింద నుంచి పొట్టు రిబ్బన్లలా లేచింది. మిషను ఆపితే కొయ్యలో సుడులే సుడులు, గోధుమరంగు మీద ఎర్రగా. ఓ పక్కన బెరడు ఊడి బొటనవేలు పట్టేంత చిల్లు పడింది.

"దీన్ని పూడుస్తాను" అన్నాడు గబుక్కున.

"వద్దు."

గిన్నెని ఒళ్ళో పెట్టుకుని వేలితో ఆ చిల్లు చుట్టూ తడిమింది. దోసెడంతే గిన్నె. పెద్దది కావాలని అడిగిన పిల్ల అది. కోపమో, ఊరటో, ఎంత తొంగిచూసినా ఆ మొహంలో నాకేమీ అందలేదు. లేచి, ముక్కల్ని గుడ్డలో చుట్టి మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"వీటితో ఏం చెయ్యొచ్చో చూడు బాబాయ్."

"చెడగొడతానేమో తల్లీ."

"చెడగొడితే ఆ రోజే వచ్చి చెప్పు" అని గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.