మధ్య మెట్టు

నళిని చేసే పని ఏమిటో ఇంట్లో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు, ఆమె మొగుడు మోహన్‌కుమార్. వాళ్ళది కాటన్‌పేటలో దూది, ఒత్తులు టోకున అమ్మే ఇల్లు. కింద అంగడి, పైన కాపురం. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే పని. కోడలు నోరు తెరిస్తే అంతా ఇంగ్లీషే వచ్చేది. కొడుకు మాత్రం తల్లి పిల్లమ్మ పక్కన చేరి విడమరిచి చెప్పేవాడు.

"అమ్మా, ఫోన్‌లో ఒక మెదడు ఉండాది. ఊరికే ఉంటే నిదానంగా నడుస్తాది, పని పడితే జోరుగా పరిగెత్తుతాది. ఎప్పుడు నిదానం, ఎప్పుడు జోరు అని దానికి చెప్పేది నేను."

పిల్లమ్మ బుగ్గలు నొక్కుకునేది. "అంటే ఈ ఫోన్లన్నిట్లో నువ్వే ఉండావా అప్పా?"

"నేనే ఉండా!"

పచ్చి అబద్ధం. ఆ మహానుభావుడు రాసింది ఒకే ఒక్క రకం చిప్‌కు, అదీ చవక ఫోన్లలో పెట్టేది. కానీ కన్నతల్లి దగ్గర కూడా గొప్పలు పోకపోతే ఇంకెక్కడ పోతాడు? నళిని పక్కనే కూర్చుని నవ్వేది.

కరోనా రెండో వేవ్‌లో మోహన్‌కుమార్ పోయాడు. నలభై నిండలేదు. ఆస్పత్రికి నడిచి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత పిల్లమ్మకు ఒక అలవాటైంది. ఎవరి ఫోన్ చేతికొచ్చినా ముట్టుకుని కళ్ళకద్దుకునేది. ఆయుధపూజ నాడు ఇంట్లో ఫోన్లకే కాదు, అంగట్లో మూటలు మోసేవాళ్ళ ఫోన్లకు కూడా కుంకుమ పెట్టేది. "నా కొడుకు దాంట్లో పని చేస్తా ఉండాడు" అనేది. పాపం, ఎవరూ కాదనలేదు. నళిని అసలే అనలేదు. అది అబద్ధమని చెప్పడానికి ఆమెకు నోరెలా వస్తుంది?

ఆమె పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అడుగున ఉండే కోడ్‌ను కెర్నల్ అంటారు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎవరైనా ఫలానాది మార్చండని మెయిల్ పంపవచ్చు. అయితే ఒక్కో భాగానికి ఒక్కో కాపలాదారు ఉంటారు, వాళ్ళు ఒప్పుకుంటేనే మార్పు లోపలికి వెళుతుంది. ఆ చిప్ వేగం చూసే భాగానికి మోహన్‌కుమార్ కాపలా ఉండేవాడు. అతను పోయాక ఆ కాపలా నళినికి వచ్చింది. అతని పేరు ఉన్నచోట తన పేరు రాసుకోవలసి వచ్చిన రోజు ఆమె ఆఫీసు బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చింది.

ఈమధ్య కె.ఆర్.పురం వైపు ఏదో కంపెనీలో పనిచేసే తేజస్ అనే ఇంజనీరు ఒక కట్ట మార్పులు పంపాడు. ప్రాసెసర్ వేగం చూసే కోడ్‌లో ఏళ్ళ తరబడి ఎవరి చిప్‌కు వాళ్ళు అవే తనిఖీలు విడివిడిగా రాసుకున్నారు. ఇప్పుడు ఆ తనిఖీలన్నీ మధ్యలో ఒక్కచోటే జరుగుతున్నాయి. ఇంక ఈ విడి కాపీలు దేనికి, తీసేద్దాం అని అతని మాట. నళిని ఒక్కొక్కటే చదివి సంతోషపడింది. ఇల్లు దులిపినట్టు దులిపాడు కుర్రాడు! ఆఖరిదాకా వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

ఆఖరి మార్పు మోహన్‌కుమార్ రాసిన మధ్య మెట్టును తీసేస్తోంది. ఆ చిప్‌ను నిదానం నుంచి ఒక్కసారిగా జోరుకు ఎక్కిస్తే బిగుసుకుపోయేది. అందుకని ముందు సగం వేగానికి తెచ్చి, కాసేపు ఆపి, అప్పుడు పైకి పంపేవాడు. దాని కింద తేజస్ మర్యాదగానే రాశాడు: "ఈ మెట్టు తొలి విడత చిప్‌లకే అవసరమైనట్టుంది. తీసేయవచ్చా? పద్ధతి ప్రకారం, ఇది రాసినాయనకు కూడా కాపీ పెట్టాను, మెయిల్ వెనక్కి వచ్చింది."

వెనక్కి వచ్చింది. ఆ రెండు మాటలకు నళినికి ఒళ్ళు మండిపోయింది. వెనకా ముందూ చూసుకోకుండా జవాబు కొట్టింది: "ఇది తీస్తే ఈ చిప్ ఉన్న బోర్డులు బిగుసుకుపోతాయి. నేను ఒప్పుకోను."

పదిమందీ చూసేచోట, రాసింది చెరపడానికి వీల్లేని చోట అంత మాట అనేసింది. నడిపి చూడకుండా ఇది పనిచేస్తుంది, ఇది చేయదు అనడం ఆ వృత్తిలో మహాపాపం. ఇంకొకరెవరైనా చేసి ఉంటే నళినే వాళ్ళను కడిగి పారేసేది.

తేజస్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ బోర్డ్ మా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటే ఒక్కసారి రన్ చేసి చూస్తారా ప్లీజ్? హ్యాంగ్ అయితే నేనే ఆ కోడ్‌ను ఉంచేస్తా." గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, తిట్టడానికి వీలుండేది.

బోర్డు బీరువాలో, మోహన్‌కుమార్ చొక్కాల పక్కన ఉంది. ఆదివారం భోజనాలయ్యాక నళిని దాన్ని తీసి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, మధ్య మెట్టు లేని కెర్నల్ ఎక్కించింది. పిల్లమ్మ పక్కనే ఒత్తులు చేస్తోంది.

"ఏంది నళినీ అది?"

"ఆయన బోర్డ్ అత్తా."

పిల్లమ్మ చెయ్యి చాచి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

నళిని వేగం పెంచింది, తగ్గించింది, ఒక్క ఊపున మళ్ళీ పెంచింది. అది బిగుసుకుపోవాలని ఇంటిదేవుడికి మొక్కుకుంది. చేతిలో మిషన్ చెడిపోవాలని మొక్కుకునే ఇంజనీరును మీరెక్కడైనా చూశారా? అది చెడలేదు. బండెడు పని దాని నెత్తిన పెట్టింది. మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎర్రటి ఎండలో నడిపింది. "ఆగవే, ఆగి చావవే" అని పళ్ళు కొరికింది. అది గుక్క తిప్పుకోకుండా నడుస్తూనే ఉంది. పైగా మునుపటికంటే చురుగ్గా నడుస్తోంది.

అప్పుడామెకు లెక్క తేలింది. బిగుసుకుపోయిన ఆ తొలి విడత చిప్‌లు బజారుకే రాలేదు, ఈ బోర్డు మీదున్నది తర్వాతి విడతది. అమ్ముడుపోయిన ఏ ఫోన్‌కూ ఆ మెట్టు అక్కరలేదు. ఇన్నేళ్ళూ అవి ఊరికే సగంలో ఆగి, ఆగి, పైకి ఎక్కాయి. తన మొగుడు రాసినదాంట్లో మిగిలిన ఆ ఒక్క ముక్క వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. మోహన్‌కుమార్ ఉంటే ఇంతసేపు ఆలోచించేవాడా? కోడ్ రాసిన రోజుకంటే తీసేసిన రోజే రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. "తీసి పారెయ్ నళినీ, పీడా పోతాది" అనేవాడు. ఆ మాట అతని గొంతుతోనే వినిపించింది. నళిని పిట్టగోడ పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

కిందికి దిగి జవాబు రాసింది. నడిపి చూడకుండా మాట్లాడాను, తప్పు నాది, ఈ మెట్టు అవసరం లేదు. తర్వాత తేజస్‌కు ఫోన్ చేసింది.

"మిగిలినవన్నీ తీసుకుంటా. ఆ లాస్ట్ ఒక్కటి మాత్రం నువ్వు వదిలెయ్. నేను పంపిస్తా."

"ఓకే మేడమ్. కానీ ఎందుకు?"

"అది రాసింది మా ఆయన. పోయినాడు."

"సారీ మేడమ్, నాకు తెలీదు. పోనీ, దాన్ని అట్లే ఉంచేద్దాం. ఎవరికీ అడ్డం లేదు కదా."

"అడ్డమే తేజస్. పని లేకపోయినా దోవలో నిలబడి ఉండాది."

సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చుని తనే ఆ పంక్తులు తీసేసి పంపింది. దాంతో ఆ ఫైల్లో మోహన్‌కుమార్ చేత్తో రాసింది ఏమీ మిగలలేదు.

అత్తకు చెప్పకపోయినా జరిగిపోయేది. అడిగేదెవరు, చూసేదెవరు? కానీ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఫోన్ బల్ల మీద పెట్టగానే పిల్లమ్మ దాన్ని తీసి కళ్ళకద్దుకుంది. నళిని తట్టుకోలేకపోయింది.

"అత్తా, దాంట్లో ఆయన లేడు. ఆయన రాసింది పాత ఫోన్లకు. ఇంక రాబోయేదాంట్లో కూడా లేకుండా పోయింది. పనికి రాదని తీసేసినాము."

పిల్లమ్మ చేతిలో ఫోన్ అట్లాగే ఉండిపోయింది. "ఎవురు తీసింది?"

"నేనే."

"నువ్వేనా? నీ చేత్తోనా?"

"నా చేత్తోనే అత్తా." శాపనార్థాలు పెడుతుందనుకుంది. పెట్టినా పడాలనుకుంది.

పిల్లమ్మ నేల మీద చతికిలబడింది. తర్వాత మెల్లగా మాట్లాడింది. "ఆ పొద్దు నా బిడ్డను ప్లాస్టిక్‌లో మూట కట్టేసినారు. మొగం చూడనీలేదు. ఒక చెంబు నీళ్ళు పోయనీలేదు. ఎవురో తెలీనోళ్ళు ఎత్తుకపోయి కాల్చేసినారు. మనిద్దరినీ రూములో పెట్టి బీగం ఏసినారు, సావుస్నానం కూడా లేకపోయె." ఫోన్‌ను పక్కన పెట్టింది. "ఈపొద్దన్నా ఇంటోళ్ళ చేతి మీద పోయినాడులే."

నళిని ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకరినొకరు పట్టుకుని.

కాసేపటికి పిల్లమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచి, మోకాళ్ళ మీద చేతులూని లేచింది. బాత్రూమ్ దగ్గరికి వెళ్ళి గీజర్ స్విచ్ వేసింది.

"లెయ్ నళినీ. ఇద్దరం తలకు పోసుకుందాం."