నాకన్నా ముందు వాళ్ళని చూడండి

ఆవిడని ఆఫీసులో అందరూ సైరనమ్మ అంటారు. మొహం మీద కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది! ఆవిడ కారు గేటు దాటకముందే వరండాలో చక్రాల కుర్చీలు గోడవారకి సర్దుకుంటాయి, క్యాంటీన్లో కబుర్లు ఆగిపోతాయి, మూలనున్న చీపురు కూడా నిటారుగా నిలబడుతుంది. ఈ పేరు సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండడం పెద్ద పదవిలో ఉన్నవాళ్ళు మొట్టమొదట నేర్చుకునే విద్య.

పదవి నిజంగానే పెద్దది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకి వైద్యం చేసే ఆసుపత్రులు ఆ ప్రాంతంలో అయిదున్నాయి. వాటి కింద చిన్న చిన్న క్లినిక్కులు, ఊళ్ళు తిరిగే వ్యాన్లు, కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు. అన్నిటికీ కలిపి డైరెక్టరు ఈవిడే. ఎక్కడ మంచాలు ఖాళీ, ఏ మత్తు డాక్టరు సెలవు పెట్టాడు, ఏ బాయిలరు మళ్ళీ మొరాయించింది, ఏ వ్యాను డ్రైవరు ఎవరి మీద అలిగాడు, ఇవన్నీ పొద్దున్న మీటింగులో ఆవిడ ముందుకి రావాల్సిందే. అలకలతో సహా.

తండ్రి సైనికులుండే బారకాసుల పక్కన బూట్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్న మనిషి. అన్నాచెల్లెళ్ళిద్దరూ పాలిష్ వాసనలో పెరిగారు. అన్న ఆ బూట్లే తొడుక్కుని సైన్యంలోకి వెళ్ళి, సార్జెంటై బయటికొచ్చాడు. చెల్లెలు సైనికుల ఆసుపత్రిలో పేర్లు రాసుకునే కిటికీ వెనక ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు చదువుకుని, వార్డుల మేనేజరై, సూపరింటెండెంటై, మెట్టుమెట్టుగా ఈ కుర్చీ దాకా వచ్చింది. కుర్చీలో కూర్చున్న రోజే అందరికీ వినపడేలా ఒక మాట చెప్పింది. "మా ఇంటివాళ్ళెవరైనా వైద్యానికొస్తే వాళ్ళ వరసలోనే ఉంటారు. నా పేరు చెప్పుకుని వచ్చినవాణ్ణి వరస చివరికి పంపండి."

ఆ మాట అన్నకి తెగ నచ్చింది. ఎదురుపడిన ప్రతి పాత స్నేహితుడికీ చెప్పుకుని మురిసిపోయాడు. అందుకే, ఎప్పటిదో పాత దెబ్బ తిరగబెట్టి తుంటి అరిగిపోయినప్పుడు, అందరిలాగే వెళ్ళి వరసలో పేరు రాయించుకుని వచ్చాడు. అన్న పేరు ఎక్కడుందో చెల్లెలు ఒక్కసారి కూడా అడగలేదు. అది నీతి అనుకుంది. నీతే, కాదనను. కానీ దీపం కింద చీకటి కూడా దీపం వల్లే వస్తుంది.

ఇక అసలు కథ. తుంటి, మోకాలి ఆపరేషన్లకి వరస కొండవీటి చాంతాడంత ఉండేది. పైనున్న కేంద్ర కార్యాలయం నుంచి రోజూ అక్షింతలే. అప్పుడు సైరనమ్మకి ఒక ఆలోచన వచ్చింది. వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేయించాలి. నొప్పి ఎలా ఉంది, ఇంకొన్నాళ్ళు ఆగగలరా అని మర్యాదగా అడగాలి. ఆగలేనన్నవాళ్ళని ముందుకి తేవాలి. ఆగగలనన్నవాళ్ళని పక్కన పెట్టి, మూణ్ణెల్ల తర్వాత మళ్ళీ అడగాలి. ఫోనులో మాట్లాడాల్సిన మాటలు కూడా ఆవిడే కూర్చుని రాసింది.

ఆలోచనలో ఏ లోపమూ కనిపించదు, కదూ? ఏడాది తిరిగేసరికి వరస సగానికి సగం తగ్గింది. ఆవిడ కింద డిప్యూటీ ఒకాయన ఉన్నాడు, ఏ మాటకైనా గ్రాఫు గీసి చూపిస్తాడని ఆయన్ని గ్రాఫుబాబు అంటారు. ఆయన గీసిన గీత జారుడుబల్లలా కిందికి దిగింది. ఆపరేషను థియేటర్లు గురువారాలు ఖాళీగా ఉండడం మొదలుపెట్టాయి. ఇంక అవసరం లేదుగా అని ఒక థియేటరు మూసి, అక్కడి సర్జన్ని వేరే ప్రాంతానికి ఇచ్చేద్దామనుకున్నారు. కేంద్ర కార్యాలయం నుంచి పెద్దాయన స్వయంగా వస్తానన్నాడు. ఈ పద్ధతి అన్ని ప్రాంతాల్లోనూ పెడతారట, సైరనమ్మని పైకి తీసుకుంటారట. అన్నీ అటలే, కానీ ఆ అటలు వినడానికి బాగుంటాయి.

పెద్దాయన రాకకి వారం ముందు, శనివారం మధ్యాహ్నం, ఆవిడ అన్న ఇంటికి వెళ్ళింది. చాలా రోజులైంది వెళ్ళి. అన్న వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి లేవబోయాడు. బల్ల పట్టుకున్నాడు, బల్ల కదిలింది, మళ్ళీ కూలబడ్డాడు.

"కూర్చో అన్నయ్యా. నాకోసం లేవడమేమిటి?"

"కాలు తిమ్మిరెక్కిందిలే అమ్మలూ."

పొయ్యి దగ్గరున్న వదిన వెనక్కి తిరగకుండానే అంది. "ఆ తిమ్మిరి రెండేళ్ళుగా ఎక్కుతూనే ఉంది. ఇంకా దిగలేదు."

అప్పుడే ఫోను మోగింది. అన్నకి ఫిరంగుల మోతలో చెవులు సగం పోయాయి, అందుకని ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. ఒక అమ్మాయి గొంతు, చక్కటి గొంతు, వంటిల్లంతా వినిపించింది.

"నమస్కారం సార్. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. మీ నొప్పి ఇప్పుడెలా ఉంది? ఇంకొన్నాళ్ళు ఆగగలరా?"

సైరనమ్మకి ఒళ్ళు ఝల్లుమంది. ప్రతి మాటా తను రాసిందే.

అన్న కుర్చీలోనే వెన్ను నిటారుగా చేశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏం ఫర్వాలేదమ్మా. నేను బాగానే ఉన్నాను. నాకన్నా ముందు వాళ్ళని చూడండి."

"చాలా థాంక్స్ సార్. మూణ్ణెల్ల తర్వాత మళ్ళీ ఫోను చేస్తాం."

"అలాగే తల్లీ. నీకు శ్రమ." ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు టీ గ్లాసు అందుకున్నాడు. అప్పుడు చూసింది చెల్లెలు, ఆయన నుదుటి మీద చెమట.

వదిన గరిటె ఠంగుమని గిన్నెలో పడేసింది. "విన్నావా అమ్మాయ్! ప్రతిసారీ ఇదే పాట. రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలంటే నేను లేచి తిప్పాలి. ఈయనకేమో ఫర్వాలేదు. ఆ నొప్పేదో నాకే ఉన్నట్టుంది, నన్ను చేర్చుకోండి మీ ఆసుపత్రిలో!"

"నాకొక్క మాట చెప్పొచ్చుగా వదినా?"

"నీకా? 'నా పేరు చెప్తే వరస చివరికి' అన్నావుగా. ఆ మాటని ఈయన ఫొటో కట్టించి గోడకి తగిలించడం ఒక్కటే తక్కువ. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈవిడ రచ్చంతా గెలిచేసి, ఇంటికి ఇప్పుడొచ్చింది.

"అన్నయ్యా, అంత నొప్పి పెట్టుకుని ఆ అమ్మాయికి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధమేంటే? నొప్పుంది. ఉంటే? నాకన్నా ఎక్కువున్నవాడు ఒకడుంటాడుగా." టీ కొంచెం తాగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "అక్కడ, యుద్ధంలో, స్ట్రెచరు వస్తే, మాట్లాడగలిగినవాడు చెయ్యెత్తకూడదు. పక్కవాణ్ణి చూపించాలి. అరవలేనివాడు ముందు వెళ్ళాలి. మీసాలు రాని వయసులో పట్టిన అలవాటు, ఇప్పుడు పొమ్మంటే పోతుందా?"

"మరి ఆ పక్కవాడు కూడా ఇదే మాటంటే?"

అన్న నవ్వేశాడు. "అంటాడు. ఎందుకనడు? మావాడేగా!"

ఆయన నవ్వాడు గానీ ఆవిడకి నవ్వు రాలేదు.

సోమవారం పొద్దున్న ఆవిడ మీటింగుకి వెళ్ళకుండా, తిన్నగా ఫోన్ల గదికి వెళ్ళింది. శనివారం మాట్లాడిన అమ్మాయి గొంతు వెతుక్కుని ఆమె పక్కన కుర్చీ వేసుకుంది. ఆ పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"భయపడకు. నువ్వు బాగా మాట్లాడావు. నేను రాసిచ్చినట్టే మాట్లాడావు. వచ్చిన చిక్కల్లా అదే. ఇలా ఇవ్వు, ఈ పూట నేను చేస్తాను."

చేసింది. ట్యాంకు నడిపిన ఒకాయన, "నాకేం తల్లీ, గోడ పట్టుకుని బ్రహ్మాండంగా తిరుగుతున్నాను. పాపం కష్టంలో ఉన్నవాళ్ళని చూడండి" అన్నాడు. సైన్యంలో వంటచేసిన ఇంకొకాయన తన సంగతి వదిలేసి "ముందు మీరేమైనా తిన్నారా అమ్మా?" అని అడిగాడు. ఒక ఇంట్లో భార్య ఫోను లాక్కుని "ఆయన మాట నమ్మకండి, మెట్లు పాక్కుంటూ ఎక్కుతున్నారు!" అని అరిచేలోపు ఫోను కట్టయిపోయింది. మళ్ళీ చేస్తే ఆయనే ఎత్తి, "ఆడవాళ్ళు, ఊరికే కంగారు పడతారండీ" అన్నాడు.

మధ్యాహ్నానికి విషయం తేటతెల్లమైంది. వరస తగ్గలేదు. వరసలో ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించాడు, ఆ పక్కవాడు ఇంకో పక్కకి చూపించాడు, స్ట్రెచరు ఖాళీగా తిరిగి వెళ్ళిపోయింది. గురువారాలు థియేటర్లు ఖాళీగా ఉన్నది అందుకు. ఇంతమంది పట్టుకున్న గోడల మీద, పాకిన మెట్ల మీద తన గీత కిందికి దిగింది. సైనికుల మధ్యే పుట్టి పెరిగి, వాళ్ళనే చూస్తూ జుట్టు నెరిసిన మనిషి తను. "బాగున్నాను సార్" అన్న మాటకి అర్థం తెలియని దానిలా దాన్ని నమ్మింది. సిగ్గుతో మొహం మండిపోయింది.

గ్రాఫుబాబుని పిలిచింది. "ఈ ఫోన్లు ఇవాళే ఆపెయ్యండి. పక్కన పెట్టిన వాళ్ళందరినీ ఎవరి పాత చోటికి వాళ్ళని తెండి. థియేటరు మూయడం లేదు. సర్జను ఎక్కడికీ వెళ్ళడు."

"మేడమ్!" ఆయనకి ఊపిరాడలేదు. "శుక్రవారం పెద్దాయన వస్తున్నారు. వరస మళ్ళీ మొదటికొస్తుంది!"

"రానీండి. ఉన్నదే వస్తుంది."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. మంచివాడే పాపం, చెప్పలేక చెప్పాడు. "మేడమ్, అందులో మీ అన్నగారి పేరు కూడా ఉంది. పాత చోటు ప్రకారం ఆయన వంతు ఈ నెలలోనే వస్తుంది. నలుగురూ ఏమంటారో..."

అదీ దెబ్బ. ఇన్నేళ్ళూ ఎవరూ వేలెత్తి చూపకుండా కాపాడుకున్న పేరు. అన్న కోసం రూలు మార్చిందంటారు. తప్పకుండా అంటారు, అనకపోతే వాళ్ళు నలుగురెలా అవుతారు? అన్న ఒక్కణ్ణి మాత్రం పక్కన పెట్టినచోటే ఉంచి మిగిలినవాళ్ళని తెస్తే పేరు నిలబడుతుంది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధమెందుకు? కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. కింద ఒక ముసలాయన రెండు కర్రల మీద వ్యాను దిగుతూ, వెనకవాణ్ణి ముందు దిగమని సైగ చేస్తున్నాడు.

"అననీండి," అంది. "ఆయన వంతు ఆయనకే ఇవ్వండి."

శుక్రవారం పెద్దాయన వచ్చాడు, విన్నాడు, మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. పై కుర్చీ ఇంకో ప్రాంతం డైరెక్టరుకి దక్కింది. క్యాంటీన్లో అనుకోవాల్సినవన్నీ అనుకున్నారు. సైరనమ్మ అటువైపు వెళ్ళినప్పుడు కబుర్లు మునుపటికన్నా తొందరగా ఆగిపోయేవి. బాధపడలేదా అంటే పడింది. ఇంటికెళ్ళి భర్త ముందు కోపంగా ఏడ్చింది కూడా.

కానీ పని ఆగలేదు. అడగడం మానేసి ఆర్డరు వెయ్యడం మొదలుపెట్టింది. "మీరు ఫలానా రోజు పొద్దున్న ఏడింటికి, ఖాళీ కడుపుతో హాజరు కావాలి." అంతే, ఆ పైన మాట లేదు. ఆర్డరంటే ఇంకేముంది! మొదటి రోజు తెల్లారేసరికే గేటు ముందు జనం, నున్నగా గీసిన గడ్డాలు, మెరిసే బూట్లు. కొత్త వాచ్‌మన్ ఏదో ధర్నా అనుకుని గేటు వెయ్యబోయాడు.

అన్న కూడా తన రోజున వచ్చాడు. వదిన సంచి మోసుకుంటూ వెనకాలే వచ్చింది. ఆపరేషను అయ్యాక సర్జను చెల్లెల్ని పక్కకి పిలిచాడు. "బాగానే జరిగింది మేడమ్. కానీ బాగా ఆలస్యం చేశారు. కాలు కొంచెం కురచగానే ఉండిపోతుంది, కర్ర తప్పదు. ఏడాది ముందు వచ్చుంటే మామూలుగా నడిచేవారు."

ఆ ఏడాది ఎవరిదో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం వార్డులోకి వెళ్ళింది. ఆవిడ అడుగు వినపడగానే అటు ఆరు మంచాలు, ఇటు ఆరు మంచాలు, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే బిగుసుకున్నారు. అందరివీ కత్తి పడ్డ కాళ్ళే. ఒక్క మూలుగు లేదు. నర్సు బల్ల దగ్గర తీరిగ్గా కూర్చుంది. "ఎవరూ ఏమీ అడగట్లేదు మేడమ్. చాలా మంచి పేషెంట్లు."

ఆవిడ అన్న మంచం మీదే ఒక పక్కగా కూర్చుంది. "అన్నయ్యా, ఎలా ఉంది?"

"ఫర్వాలేదమ్మలూ." పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఆవిడ వంగి మెల్లగా అంది. "ఈ వార్డులో నీదే పెద్ద ర్యాంకు. నువ్వు ఫర్వాలేదంటే పక్క మంచం కుర్రాడు ఛస్తే నోరు విప్పడు. వాడి పిడికిలి చూడు, దుప్పటి ఎలా పట్టుకున్నాడో. ఇక్కడ స్ట్రెచరు నీ నోటి దగ్గర ఆగింది. కాలు సంగతి నా తప్పు, అది నేను మొయ్యాల్సిందే. ఈ ఒక్కటీ నీ చేతుల్లో ఉంది."

అన్న తల తిప్పి పక్క మంచం చూశాడు. కుర్రాడంటే యాభై దాటినవాడే. కళ్ళు మూసుకుని పళ్ళు బిగించి ఉన్నాడు. అన్న చాలాసేపు అతన్నే చూశాడు. తర్వాత, వార్డంతా వినపడేలా, పాత సార్జెంటు గొంతుతో అన్నాడు.

"నొప్పిగా ఉందమ్మా. చాలా నొప్పిగా ఉంది."

వదిన కొంగుతో నోరు నొక్కుకుంది. పెళ్ళైనప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదటిసారి.

పక్క మంచం అతను కళ్ళు తెరిచాడు. "నాక్కూడా, సిస్టర్," అన్నాడు సన్నగా. ఎదురు మంచం ఆయన దగ్గి, "మరేం లేదుగానీ... నాక్కూడా కొంచెం," అన్నాడు. కిటికీ దగ్గరనుంచి ఇంకో గొంతు, తలుపు దగ్గరనుంచి ఇంకోటి.

నర్సు మందుల ట్రే పట్టుకుని పరిగెత్తింది. సైరనమ్మ లేచి చేతులు కడుక్కుని ఆమె చేతిలోని ట్రే అందుకుని వెనకాలే నిలబడింది. అన్న వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి చాపలేదు, పక్క మంచం వైపు వేలు చూపించాడు.

"ముందు వాడికి," అన్నాడు. "తర్వాత నాకు. మర్చిపోకండేం."