మా మగ్గం గదిలో చావని దొరలు

నాకు ఇంగ్లీషు సినిమాల పిచ్చి పట్టింది యుద్ధం రోజుల్లో. ఇంగ్లీషు సినిమాలంటే అమెరికావాళ్ళవి కాదు, అచ్చంగా ఇంగ్లండులో తీసినవి. ఈ తేడా మా పేటలో నాకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. "అందరూ తెల్లోళ్ళే కదప్పా, ఎవరైతే ఏమి?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. అమెరికా సినిమాలో మనిషికి కోపం వస్తే తుపాకీ తీస్తాడు, ప్రేమ వస్తే ముద్దు పెడతాడు. ఇంగ్లండు సినిమాలో కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా టీ తాగుతాడు. ఏది వచ్చిందో కప్పు పట్టుకున్న తీరును బట్టి మనమే తెలుసుకోవాలి. నటనంటే అదీ అని నేను కనిపించినవాడితోనల్లా వాదించేవాణ్ణి.

మాది బెంగళూరు పాత పేటలో పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు నాన్న కొట్టు, దాని వెనక పొడుగాటి గదిలో నాలుగు మగ్గాలు, ఆ వెనక వంటిల్లు. నేను మాత్రం మగ్గం ఎక్కకుండా సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. శనివారం ఒంటిపూట ఆఫీసు. అది వదలగానే సైకిలెక్కి దండుకు పోయేవాణ్ణి. కంటోన్మెంటును మేము దండు అనేవాళ్ళం. అక్కడి థియేటర్లో మధ్యాహ్నం ఆటలో, ముందు బెంచీల్లో నాలాంటివాళ్ళు పదిమంది, వెనక కుర్చీల్లో సెలవు మీద వచ్చిన సోల్జర్లు. ఆట చివర ఇంగ్లండు రాజుగారి పాట వేస్తారు, అందరూ లేచి నిలబడాలి. నేను ఖద్దరు కట్టేవాణ్ణి. అందుకని అర నిమిషం ముందే పక్క తలుపులోంచి జారుకునేవాణ్ణి.

ఉద్యమంలో జైలుకు పోయి వచ్చిన స్నేహితుడొకడు నన్ను నిలదీశాడు. "ఒకపక్క వాళ్ళని పొమ్మంటావు, ఇంకోపక్క వాళ్ళ సినిమాకు ఎగేసుకుని పోతావు. ఏందప్పా ఇది?"

"పొమ్మనే అంటాను. ఆ కనుబొమ్మాయన్ని మాత్రం ఉంచేసి పొమ్మంటాను" అన్నాను. వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

కనుబొమ్మాయన నా అభిమాన నటుడు. పొడుగ్గా, సన్నగా, ముక్కు కాస్త వంకరగా ఉండేవాడు. అందగాడు కాదు. కానీ ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేపితే మన దగ్గర పది పద్యాలు పాడినా రానంత అర్థం వచ్చేది. పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడేవాడు. నా ఇంగ్లీషు "తమరి ఉత్తరం అందినది" దగ్గరే ఆగిపోయిన ఆఫీసు ఇంగ్లీషు. ఆయన మాటల్లో సగం నాకు అందేవి కావు. అయినా ఆయనకు ఏమనిపిస్తున్నదో అంతా అందేది.

ఆయన ఒక్కడే కాదు. ఇంటి అద్దె కోసం మెట్ల మీద కాపు కాసే లావుపాటావిడ ఒకామె ప్రతి సినిమాలోనూ ఉండేది. టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ టోపీ పెట్టుకునే పోలీసాయన ఒకడు. రెండు నిమిషాలు కనిపించి వెళ్ళిపోయే టిక్కెట్టు కలెక్టరు కూడా వాడి ఇంట్లో ఎంతమంది పిల్లలో మనకు తెలిసిపోయేటట్టు నటించేవాడు. మన సినిమాల్లో రాజు పక్కన నిలబడే భటుణ్ణి చూడండి, ఈటెకు తోడుగా ఇంకో ఈటెలా ఉంటాడు. అక్కడ చిన్నవేషం అన్నది లేదు. నేను వాళ్ళను ప్రేమించింది అందుకే.

సోమవారం పొద్దున ఆఫీసుకు పోయేలోగా మగ్గం గదిలో కూర్చుని చూసిన కథంతా చెప్పేవాణ్ణి. నలుగురు నేతగాళ్ళు, మూల రాట్నం దగ్గర కండెలు చుట్టే మా మేనత్త, వీళ్ళే నా శ్రోతలు. అయితే ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. మగ్గం మీద పడుగు పోగులు సాగి ఉన్నంతకాలం అక్కడ చావు మాట ఎత్తకూడదు. ఏ పెళ్ళికూతురో కట్టుకునే చీర మరి. బంధువుల్లో ఎవరైనా పోయారని కబురొస్తే నాన్న ఆ గదిలో నోరు విప్పేవాడు కాదు. "ఒకసారి వంటింట్లోకి రా" అని పిలిచి అక్కడ చెప్పేవాడు. ఆ పిలుపు వింటేనే మాకు గుండె ఝల్లుమనేది.

నాలుగు మగ్గాలున్న ఇంట్లో ఏదో ఒకదాని మీద పడుగు ఎప్పుడూ ఉంటుంది. ఇంగ్లండు సినిమాల్లో చూస్తే, యుద్ధం కథల్లో సగంమంది చస్తారు, డిటెక్టివు కథల్లో మొదటి రీలులోనే ఒకడు చస్తాడు. నేనేం చెయ్యను? అందరినీ బతికించాను. పొగమంచులో కత్తిపోటు తిన్న జమీందారు మా గదిలో మూర్ఛపోయాడు. కనుబొమ్మాయన గంటన్నరసేపు తల బద్దలు కొట్టుకుని, ఆయన్ని మూర్ఛపోగొట్టింది ఎవరో కనిపెట్టాడు. విషం తాగినావిడకు వాంతులై తగ్గిపోయింది. విమానం కూలినవాడు గడ్డివామి మీద పడ్డాడు. ఉరిశిక్ష పడ్డవాడు ఊరొదిలి పొమ్మంటే పోయాడు.

హూడి నుంచి వచ్చే పెద్ద నేతగాడికి అనుమానం రాకపోలేదు. పడుగులో అటూ ఇటూ విసిరే నాడె ఆపి, కళ్ళజోడు పైనుంచి చూసేవాడు. "ఏమప్పా, నీ తెల్లోళ్ళకు చావే లేదా? వాళ్ళు మందేమన్నా తింటా ఉండారా? మాక్కూడా చెప్పు, తింటాము."

నాకు సాక్ష్యం సినిమావాళ్ళే ఇచ్చేవారు. ఈ నెల కత్తిపోటు తిన్న జమీందారు వచ్చే నెల బ్యాంకు మేనేజరు వేషంలో వచ్చేవాడు. "చూడండి, లేచి తిరుగుతున్నాడా లేదా" అనేవాణ్ణి. అబద్ధమూ కాదు.

అందరికన్నా శ్రద్ధగా వినేది అత్త. చిన్నతనంలోనే భర్త పోయి, కొడుకుతో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ కొడుకు నాకు బావ, నాకన్నా ఏడాది పెద్ద. పట్టాళంలో లారీ డ్రైవరుగా చేరి బర్మా వైపు పోయాడు. నెలకో రెణ్ణెల్లకో ఉత్తరం రాసేవాడు. మా ఇళ్ళలో మాట తెలుగు, రాత కన్నడం. అత్తకు ఆ రాత కూడా రాదు కనుక నేనే చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. కండెలు చుడుతూ వినేది. చివర ఒక్కటే అడిగేది: "బాగుండాడు కదప్పా?" బాగున్నాడు అనేవాణ్ణి. అప్పుడు రాట్నం మళ్ళీ తిరిగేది.

ఒక శనివారం యుద్ధంలో సరుకు ఓడ నడిపే కెప్టెను కథ చూశాను. కెప్టెను కనుబొమ్మాయనే. ఓడకు దెబ్బ తగిలితే మనుషులందరినీ పడవల్లో పంపేసి, తను ఒక్కడే పైన నిలబడి, జేబుగడియారానికి కీ ఇచ్చి జేబులో పెట్టుకున్నాడు. ఎడమ కనుబొమ్మ కొంచెం లేచింది. ఓడ మునిగిపోయింది. ఇంటి దగ్గర భార్యకు తంతి, అంటే టెలిగ్రాం, వచ్చింది. ఆవిడ చదివి మడిచి పెట్టి, అలవాటు ప్రకారం రెండు కప్పుల్లో టీ పోసింది. రెండో కప్పు వైపు చూసింది. అంతే. ఏడుపు లేదు, పాట లేదు. నేను ముందు బెంచీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా బదులు వాళ్ళు ఏడవరు కదా.

సోమవారం మగ్గం గదిలో కెప్టెను ఈదుకుంటూ ఇల్లు చేరాడు. మొగుడూ పెళ్ళాం చెరో కప్పు టీ తాగారు. రాట్నం ఆగిపోయింది. అత్త మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఆ సినిమా నేనూ చూస్తాను" అంది.

వాన అన్నాను, సోల్జర్ల గొడవ అన్నాను, టిక్కెట్లు దొరకవన్నాను. విధవ మనిషికి సినిమా ఏమిటని నాన్న గొణిగాడు. ఆమె దేనికీ లొంగలేదు. "నా కొడుకు పోయిన పట్టాళం సినిమా అది. ఒక్కసారి చూసొస్తే మీకేం పోతాది?" అంది. చివరికి ఆ సినిమా రెండోసారి వచ్చినప్పుడు జట్కా కట్టించుకుని మధ్యాహ్నం ఆటకు తీసుకుపోక తప్పలేదు.

హాల్లో ఆమె సంబరం చూడాలి. వాళ్ళందరూ నా కథల్లోంచి ఆమెకు బాగా తెలిసినవాళ్ళే. లావుపాటావిడ కనిపించగానే "బాడుగలు అడిగేది ఈమే కదా!" అంది. మూర్ఛపోయిన జమీందారు ఇందులో డాక్టరు. "పాపం, పూర్తిగా తగ్గిపోయినట్టు ఉండాది" అని సంతోషించింది. కనుబొమ్మాయన రాగానే "వచ్చినాడు చూడు!" అని గట్టిగా అనేసింది. వెనక సోల్జర్లు నవ్వారు. ఓడకు దెబ్బ తగిలినప్పుడు రాజుగారి పాట వంకతో ముందే లేచిపోదామన్నాను. "కూర్చో" అంది.

గడియారానికి కీ ఇచ్చాడు. ఓడ మునిగింది. తంతి వచ్చింది. రెండు కప్పులు. ఆమెకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు, అక్కడ రావలసిన అవసరమూ లేదు. ఇంటికి రాగానే మగ్గం గది దాటి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఒకసారి లోపలికి రా" అంది.

పోయాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"కథలు పోనీలే. సుమ్నే, ఊరికే కాలక్షేపానికి చెప్పినావు. మగ్గం మీద పడుగు ఉండాది, ఇంకేం చేస్తావు" అంది. తర్వాత నా కళ్ళలోకి చూసింది. "నా కొడుకు ఉత్తరాలు కూడా ఇట్లే చదువుతా ఉండావా?"

అలాగే చదివాను. ఉత్తరాలు కూడా మగ్గం గదిలోనే కదా చదివింది. ఒక ఉత్తరంలో ముందు లారీలో పోతున్న స్నేహితుడు చనిపోయాడని ఉంటే దాటేశాను. ఇంకోదానిలో మలేరియా వచ్చి ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నానని, బతుకుతానని అనుకోలేదని ఉంటే, జలుబు చేసిందట అన్నాను. నన్ను నేను మంచివాణ్ణి అనుకున్నాను అప్పుడు. వంటింట్లో ఆమె ముందు నిలబడితే సిగ్గుతో చచ్చిపోయాను.

పెట్టెలోంచి ఉత్తరాలన్నీ తెచ్చి పొయ్యి ముందు కూర్చుని మొదటినుంచీ చదివాను, ఒక్క ముక్క వదలకుండా. ఆస్పత్రి ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుంది. కళ్ళు తుడుచుకుని అంది: "ఇంకమీద నాకేమన్నా చెప్పేది ఉంటే ఈడ చెప్పు. మగ్గం కాడ నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో."

మరుసటి సోమవారం నేతగాళ్ళు సినిమా ఎలా ఉందని ఆమెనే అడిగారు. "బాగా ఉండాది. కెప్టెను ఈదుకుంటా వచ్చి టీ తాగినాడు" అని కండె మార్చుకుంది. పెద్ద నేతగాడు నా వైపు ఒక చూపు చూసి నాడె విసిరాడు.

అప్పటినుంచి ప్రతి సినిమాకు మా ఇంట్లో రెండు ముగింపులు. మగ్గం గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. వంటింటి ముగింపుల్లోనే ఆ నటుల గొప్పతనం తెలిసేది. వాళ్ళు ఎలా చచ్చారో చెబుతుంటే అత్త కూర తరుగుతూ "మంచిగా పోయినాడు, పాపం" అని మెచ్చుకునేది. నాకు దొరికిన అసలైన సినిమా నేస్తం ఆమే.

యుద్ధం అయిపోయింది. దండులో దీపాలు పెట్టారు, బ్యాండు వాయించారు. బావ దగ్గరనుంచి మాత్రం నాలుగు నెలలుగా ఉత్తరం లేదు. ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఒక సోమవారం పొద్దున నేనేదో కథ మొదలుపెట్టబోతుండగా తంతి జవాను వచ్చాడు. తంతి ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో చదవగలిగింది నేనొక్కణ్ణే. నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. విప్పి చదివి, అరిచాను: "బావ వస్తున్నాడు! గురువారం మద్రాసు రైలులో!"

ఎవరూ కదల్లేదు. అత్త రాట్నం వదిలి లేచింది. వంటింట్లోకి పోయింది. లోపలినుంచి పిలిచింది: "ఈడికొచ్చి చెప్పు."

పోయాను. పొయ్యి దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. కాగితం చూపించి ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చెప్పాను, అవే మాటలు. వస్తున్నాడు. గురువారం. మద్రాసు రైలు.

నేను ఇన్నేళ్ళు మెచ్చుకున్న ఇంగ్లండు నటీమణుల్లో ఒక్కరు కూడా ఏడవనంత పెద్దగా ఏడ్చింది మా అత్త. ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని మగ్గం గదిలో ఏమనుకుని ఉంటారో నాకు అప్పుడు తట్టింది. పరిగెత్తుకుంటూ పోయాను. నలుగురూ మగ్గాలు దిగి తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. పెద్ద నేతగాడు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లేదు, లేదు, నిజంగానే వస్తున్నాడు!" అన్నాను. ఒక్కడూ తల ఎత్తలేదు. ఆ గదిలో నేను బతికించినవాళ్ళ లెక్క వాళ్ళకు తెలుసు మరి.

అప్పుడు అత్త కొంగుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నిజమేనప్పా," అంది. "వంటింట్లో చెప్పినాడు."