మా ఇంట్లో నూకలు కొనరు

పాసయ్యాను! బీయే పాసయ్యాను! ఇంగ్లీషుతో సహా!

మా ఇంట్లోనే కాదు, మా పేట మొత్తానికి ఇదే మొదటి బీయే. పేపర్లో నా నంబరు ఉంది. అమలాపురం బస్టాండులో నిలబడి నాలుగుసార్లు చూసుకున్నాను. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక, బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన చేత కూడా చదివించాను. ఆయన కళ్ళజోడు ఎత్తి, దించి, "ఉందమ్మా, ఉంది. ఇంక మడిచెయ్యండి, కాగితం చిరిగిపోద్ది" అన్నారు.

ఇప్పుడు మా ఊరి రైసుమిల్లులో, గుమాస్తాగారి బల్ల దగ్గర, ఫోను పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ట్రంకాల్ బుక్ చేశాం. లైను ఎప్పుడు కలుస్తుందో తెలీదు. చేతులు ఊరుకోవడం లేదు. గుమాస్తాగారు పాత బిల్లు కాగితాలు ఇచ్చి, "వెనకవైపు రాసుకోండమ్మా బీయేగారూ" అన్నారు. ఆయన నన్ను మీరు అనడం ఇదే మొదలు.

ఈ మిల్లులోనే మా అమ్మ పని చేస్తుంది. మర ఆడిన బియ్యాన్ని చేటలో పోసి, చెరిగి, బియ్యం వేరు, నూకలు వేరు చెయ్యడం ఆమె పని. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ చేట చప్పుడు వింటున్నాను. కానీ మా ఇంట్లో మాత్రం నూకలు కొనరు.

బిస్కట్లూ కొనరు, హార్లిక్సూ కొనరు. అవి స్తోమత లేక. నూకల సంగతి అది కాదు. డెబ్భైల్లో, నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పుడు మా పేటలో దాదాపు అందరిళ్ళలోనూ పొయ్యి మీద ఉడికేది నూకలే. చవక, పైగా కడుపు నిండుతుంది. కూలి కింద కూడా అవే కొలిచేవారు. నూకలు పుచ్చుకుంటే గంప నిండేది, అదే కూలికి బియ్యం అడిగితే గంప అడుగు కప్పడమే గగనం. అమ్మ బియ్యమే అడిగేది. కొనాల్సి వచ్చినా బియ్యమే కొనేది. చాలని పూట ఉడకబెట్టిన పెండలం ముక్కలు, అరటికాయ కూర, నాన్న తెచ్చిన కొబ్బరి చెక్క. నాన్న కొబ్బరికాయలు ఒలవడానికి వెళ్ళేవాడు, లారీలకి లోడు ఎత్తేవాడు.

మా పక్కింటావిడ రోజూ మా అమ్మని వేళాకోళం చేసేది. "ఏమే దొరసానీ, ఇయ్యాల తలో ఎన్ని మెతుకులు తిన్నారే?"

అమ్మ వెనక్కి తగ్గేది కాదు. "లెక్కెట్టుకుని తిన్నామే. నీకు లెక్కెట్టుకోడానికి ఓ నిండు మెతుకు దొరికితే కదా!"

ఒకసారి నాకు ఆకలేసి ఏడుపొచ్చింది. అందరూ తినేవి మనమెందుకు తినకూడదని నిలదీశాను. అప్పుడు చెప్పింది. అమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు, వాళ్ళమ్మతో కలిసి కోతల కూలి తెచ్చుకోవడానికి ఒక పెద్దింటి పెరట్లోకి వెళ్ళిందట. ఆ ఇంటావిడ చేటలో నూకలు పట్టుకొచ్చింది. ముందు రెండు గుప్పిళ్ళు తీసి కోళ్ళకి చల్లిందట. అదే చేటలో మిగిలినవి మా అమ్మ ఒళ్ళో పోసిందట.

"తిట్టలేదే, కొట్టలేదు. నవ్వుతానే పోసేరు" అంది అమ్మ. "నేను మా అమ్మెనకాల నడుత్తా, ఈ కోళ్ళతో పొత్తు నాకొద్దు, నా పిల్లలకసలే వొద్దు అనుకున్నాను."

పెళ్ళయిన వారంలోనే నాన్నకి ఈ సంగతి చెప్పిందట. నాన్న "కోళ్ళకి తెలిస్తే సంతోషిస్తాయి, వాటి వాటా పెరుగుద్ది" అన్నాడట. ఆ రోజు నుంచీ ఇద్దరిదీ ఒకటే మాట.

ఇక నా ఇంగ్లీషు సంగతి. డిగ్రీలో అన్నీ పాసై అదొక్కటే పోయింది. మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది. మూడోసారీ పోతే ఇక ఫీజు కట్టేది లేదు, మిల్లులో అమ్మ పక్కన ఇంకో చేట పట్టుకోవడమే. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. కానీ మిల్లు మేస్త్రి అమ్మని అడిగేశాడు కూడా: "మీ అమ్మాయిని ఎప్పట్నించి పంపుతున్నావ్?"

అమలాపురంలో రిటైరైన ఇంగ్లీషు మాష్టారు ఒకరున్నారని విని, ధైర్యం చేసి ఆయనుండే అగ్రహారం వీధిలోకి వెళ్ళాను. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు.

"ఎవరు పంపేరు నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ. ఇంగ్లీషు రెండుసార్లు పోయిందండీ."

"రెండుసార్లే కదా! నాకు లెక్కలు నాలుగుసార్లు పోయేయి. శనివారం శనివారం సాయంత్రం రా. డబ్బు మాట ఎత్తేవంటే మాత్రం రానివ్వను."

అలా మూడు శనివారాలు వెళ్ళాను. మూడోసారి పాఠం అయ్యాక మాష్టారి భార్య, ఆమెని నేను అమ్మగారూ అనేదాన్ని, అరిటాకు ముక్కలో ఏదో పెట్టి తెచ్చి నా ముందు ఉంచారు. పక్కన మాగాయ ముక్క. "తినవే, ఎంత దూరం నుంచి వచ్చేవో" అన్నారు.

నేను ఆకులోకి చూశాను. నూకలు. కొబ్బరి కోరూ పెసరపప్పూ కలిసి ఉన్నాయి గానీ, నూకలే. విరిగిన ప్రతి గింజా నాకు కనిపిస్తోంది. మేం ఎవరమో తెలిసి, మాకు పెట్టాల్సింది ఇదేనని పెట్టారనుకున్నాను.

"వద్దండీ. ఆకలి లేదండీ."

అమ్మగారి మొహం చిన్నబోయింది. "అయ్యో, రెండు ముద్దలైనా..."

నేను పుస్తకాలు పట్టుకుని లేచి వచ్చేశాను. మరుసటి శనివారం వెళ్ళలేదు. పరీక్ష ఇంక నెల కూడా లేదు.

అమ్మ ఊరుకుంటుందా? గుచ్చి గుచ్చి అడిగి రాబట్టింది.

"ఏటెట్టేరే?"

"నూకలు."

"ఒట్టి నూకలేనా?" అన్నాడు నాన్న.

"కొబ్బరీ పప్పూ కూడా ఏసేరు."

"కొబ్బరేసి మరీ అవమానిత్తారేటే ఎవరైనా?"

"మీరుండండి" అంది అమ్మ. పై శనివారం మిల్లుకి ఒంటిపూట సెలవు పెట్టింది. మా దొడ్లో తవ్విన కందగడ్డ, ఉన్నవాటిలో పెద్దది, సంచిలో వేసుకుంది. "పద. చదువు మానడం మనకి కుదర్దు. నూకలు తినడం కూడా కుదర్దు. రెండూ నేను మాట్టాడతాను" అంది.

నాకు బస్సులో అంతా ఒకటే భయం. అమ్మ నోరు జారితే మాష్టారు పోమంటారు. నోరు జారకపోతే అమ్మ అమ్మే కాదు.

అరుగు ముందు నిలబడి, అమ్మగారు బయటికి రాగానే అమ్మ దణ్ణం పెట్టింది. "అమ్మగోరండీ, మా పిల్లకి మీ ఇంట సదువు సెప్తన్నారు. మీ మేలు మర్సిపోమండి. కానండీ, మా ఇంట్లో నూకలు కొనమండి. కూలికిచ్చినా పుచ్చుకోమండి. మా పిల్లకి అయి పెట్టొద్దండి."

అమ్మగారు బుగ్గన వేలేసుకున్నారు. "నూకలేవిటమ్మా? ఆ వేళ పెట్టినదా? అయ్యో రామ! అది ఉప్పుడు పిండి కదుటమ్మా! శనివారం మా ఇద్దరికీ ఒంటిపూట. రాత్రికి అన్నం తినం, అదే ఫలారం."

"మీరూ అయ్యే తింటారాండీ?"

"మేవూ అదే! నేను వేరేలా అనుకుని బాధపడ్డాను. మీరు చర్చికి వెళ్తారని మాటల్లో తెలిసింది. దేవుడికి పెట్టింది మీ పిల్ల తినదేమో అని, నైవేద్యం పెట్టకముందే దాని వాటా విడిగా తీసేను. అయినా ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయింది. మా ఇంట తినడమే ఇష్టం లేదు కాబోలు, మీరు ముందే ఎందుకు చెప్పలేదని ఈయన్ని కేకలేసేను."

"రెండు వారాలయింది, ఇంకా వినపడుతూనే ఉన్నాయి" అన్నారు మాష్టారు లోపల్నుంచి.

నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. మా చర్చిలో నైవేద్యం తినకూడదంటారు, నిజమే. ఆ ఆకు ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతే నాకు తట్టలేదు. ఆవిడకి మాత్రం తట్టింది.

అమ్మ ఇంకా తన లెక్కలోనే ఉంది. "ఏ మిల్లులో కొంటారండీ నూకలు?"

"కొనడం ఎందుకు? మంచి బియ్యం ఏరి, కడిగి ఆరబెట్టి, తిరగట్లో పోసి నేనే విసురుతాను."

"మంచి బియ్యాన్నా?"

"ఆఁ."

"ఇరగ్గొడతారా?"

"విసరకపోతే పిండి ఎలా అవుతుందమ్మా?"

"పనిగట్టుకుని?"

"పనిగట్టుకునే!"

అమ్మ నా వైపు చూసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విరిగినదాన్నీ విరగనిదాన్నీ వేరు చేసే మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "ఈ మాట మా మిల్లులో సెప్తే నాకు మతి పోయిందంటారండీ!" అమ్మగారు కూడా నవ్వారు, ఎందుకో పూర్తిగా తెలియకపోయినా. కంద చూసి మాత్రం, "పెరట్లో బచ్చలి ఉంది, రేపు ఇదే కూర" అని మురిసిపోయారు.

ఆ సాయంత్రం నేను ఉప్పుడు పిండి తిన్నాను. అడుగున మాడిన చెక్కు అమ్మగారు అడిగి మరీ వడ్డించారు. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, అదీ రాయాలి. కానీ మాష్టారు తన ఆకు పట్టుకుని అరుగు మీదికే వచ్చి, మా ఎదురుగా కూర్చుని తిన్నారు. అమ్మ మటుకు ముట్టలేదు. "కోపం కాదండీ. నేను తిననని సిన్నప్పుడే అనుకున్నాను" అంది. అమ్మగారు బలవంతం చెయ్యలేదు. ఇత్తడి గ్లాసుతో మంచినీళ్ళిచ్చారు.

తిరిగి వస్తూ అడిగాను. "బావుందమ్మా. పోనీ మనమూ కొనుక్కుందామా?"

"ఆళ్ళు బియ్యం ఉండి ఇరగ్గొట్టుకుంటారు. అది ఆళ్ళిష్టం. మనకి ఇరిగినయ్యే కొలిచేవోరు. రెండూ ఒకటేటే? నువ్వక్కడ తిను. మనింట్లో కొనం."

తర్వాత ఒక్క శనివారం కూడా మానలేదు.

ఇవాళ బస్సు దిగి నేరుగా మిల్లుకి పరిగెత్తాను. మర చప్పుడులో అమ్మకి నా మాట వినపడలేదు. పేపరు చూపించాను. అమ్మకి చదవడం రాదు. నా వేలు ఉన్న చోట తనూ వేలు పెట్టింది.

"ఇంగ్లీసో?"

"అది మళ్ళీ పోయిందనుకున్నావా? వచ్చిందమ్మా!"

అమ్మ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. "ఒసేయ్, వినండే! మా పిల్ల బీయే!" అని ఒక్క కేక పెట్టింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. మిల్లు యజమాని బయటికొచ్చి, సంగతి విని, "మంచి మాట చెప్పేవే. ఏం కావాలో అడుగు" అన్నారు. ఆయన చెయ్యి బస్తాల వైపు చూపిస్తోంది.

అమ్మ బస్తాల వైపు చూడనైనా చూడలేదు. "ఫోనండీ. మావోళ్ళందరికీ సెప్పుకోవాలండి" అంది.

అందుకే ఇక్కడ కూర్చున్నాను. అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్ళు:

మాష్టారు, అమ్మగారు. వాళ్ళకి ఫోను లేదు. పక్కింటి ప్లీడరుగారికి చేస్తే గోడ మీంచి పిలుస్తారు.

రాజోలులో పెద్దమ్మ. కిరాణా కొట్టుకి చెయ్యాలి. చెవుడు, కొట్టాయన చేతే గట్టిగా చెప్పించాలి.

రాయవరంలో మావయ్య. అదీ మిల్లే, పగలే దొరుకుతాడు.

నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మగారు. కాకినాడలో, కొడుకు ఆఫీసు నంబరు. ఐదు దాటితే ఎవరూ ఎత్తరు.

కొత్తపేటలో నాతో పరీక్ష రాసిన స్నేహితురాలు. తన నంబరు పేపర్లో లేదు. ఏం చెప్పాలో తెలీదు, అయినా చెయ్యాలి.

నాన్న. లారీ మీద బరంపురం వెళ్ళాడు, బుక్ చేసిన ట్రంకాల్ అక్కడి కొబ్బరి మండీకే. ఇది అమ్మే మాట్లాడుతుందట.