ఓడిన మర్నాడు అడిగిన ప్రశ్న

మొన్న నకిరేకల్ బస్టాండులో వాన దంచికొట్టింది. నా పక్కన వచ్చి నిలబడిన గొర్లకాపరి గొంగడి తడిసి, ఉన్ని వాసన గుప్పుమంది. మైసయ్య సార్ గుర్తొచ్చారు. మా నియోజకవర్గానికి ఆయన చాలా ఏళ్లు ఎమ్మెల్యే. గొర్లు కాసే ఇంట్లో పుట్టిన మనిషి. అసెంబ్లీకి పోయేటప్పుడు కూడా కారు వెనక సీట్లో ఒక గొంగడి ఉండాల్సిందే. తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను రెవెన్యూ శాఖ నుంచి ఆయన దగ్గరికి పీఏగా పంపారు. మోత్కూరు దగ్గర కూలిపని చేసుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని. ఎమ్మెల్యే అంటే వేదిక మీద కనిపించే మనిషనే తెలుసు. ఒకే మనిషిని జనం అన్నేళ్లు ఎట్లా గెలిపిస్తున్నారో దగ్గర నుంచి చూడాలని కుతూహలంగా చేరాను.

ఆయనకు ప్రశ్నలెక్కువ. తల్లికి పెన్షన్ కావాలని ఒకతను వస్తే, "ఇప్పిస్త తియ్. మీ అమ్మకు ఏ కూరంటే ఇష్టం?" అని అడిగారు. అతను తెల్లమొహం వేశాడు. "అడిగి రాపో, మల్ల మాట్లాడుదం" అని నవ్వి, ఆ వెంటనే నాకు పెన్షన్ పని పురమాయించారు. ఇవన్నీ తెలుసుకుని ఈయనేం చేస్తారని నాకు వింతగా ఉండేది.

కొన్నేళ్లకు రిజర్వాయరు పని మొదలైంది. ఎర్రబండ అనే ఊరు మునుగుతుందని తేలింది. ఎప్పుడూ ఆయన వెంటే నడిచిన ఊరు. ఎన్నికలయ్యేదాకా అటు పోవద్దని పార్టీవాళ్లు చెప్పినా వినలేదు. బడి ముందు జనాన్ని కూర్చోబెట్టి, తాను మాత్రం నిలబడే చెప్పారు. "ఊరు మునుగుతది. ఆపుతనని అబద్ధం చెప్పలేను. నాతోని అయితలేదు."

జనంలోంచి ఎల్లవ్వ అనే ముసలామె లేచింది. "గీ మాట జెప్పనీకె గింత దూరమొచ్చినవా కొడుకా?"

"ఓటడగనీకె నేనే వచ్చిన గదవ్వా. గీ మాటకు ఇంకొకల్ని ఎట్ల పంపుత?"

మునిగే ఊరికి బదులుగా సర్కారు వాళ్లకు మొదట చూపించిన జాగా ఉత్త బండనేల. గొర్లకు గడ్డిపోచ కూడా దొరకదు. సొంత పార్టీ మంత్రులతోనే కొట్లాడి, మేత ఉన్నచోట కాలనీ కట్టించారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఓడిపోయారు. ఎర్రబండ కాలనీలోనూ ఓట్లు పడలేదు.

మర్నాడు పొద్దున ఎప్పుడూ కిటకిటలాడే ఇల్లు బోసిపోయి ఉంది. నన్ను చూడగానే ఆయన చెప్పులు వేసుకున్నారు. "పద సునీతమ్మా, ఎర్రబండోళ్ల కాలనీకి పోదాం. ఎందుకెయ్యలేదో అడుగుదాం."

నిష్ఠూరాలాడతారేమోనని దారి పొడవునా భయపడ్డాను. ఎల్లవ్వ కొత్త ఇంటి ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అవ్వా, నాకు ఓటెయ్యలేదా?"

"ఎయ్యలే," తలెత్తి చెప్పిందామె.

"ఎందుకు?"

"జాగా ఇప్పిచ్చినవ్, మేత జూపిచ్చినవ్. కాదంటలేను. గానీ నీ మొకం జూస్తే ఊరు మునుగుతదని చెప్పిన దినమే యాదికొస్తది. నేనేం జెయ్యాలె కొడుకా?"

"గిట్లుంటదని నేను అనుకోలే," అన్నారాయన మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. ఆమె చేటలోంచి పిడికెడు బియ్యం తీసుకుని, తాను కూడా రాళ్లు ఏరుతూ కూర్చున్నారు.

తిరిగి వస్తున్నప్పుడు కారులో తనలో తాను అనుకున్నట్టు అన్నారు: "ఇన్నేండ్లు గెలిచిన. ఎందుకేసినరని ఒక్కపారన్న అడగలే సూడు."

మళ్లీ పోటీ చేయలేదు. పోయినేడు కాలం చేశారు. ఆయన్ను జనం ఎందుకు గెలిపించారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఇప్పుడు నేను కొల్లాపూర్ దగ్గర ఒక మండలాఫీసులో చేస్తున్నాను. తిట్టిపోయేవాళ్ల మాట ఎట్లాగూ వినక తప్పదు. దండం పెట్టి పోయేవాళ్లను కూడా ఆపి కూర్చోబెడతాను, మా పని ఎందుకు నచ్చిందని అడుగుతాను. మొన్నొక రైతు ఆ ప్రశ్నకు బిత్తరపోయాడు. "గిట్ల ఎవలూ అడగలే మేడం. జర ఆలోచించి చెప్త," అని వెళ్లాడు. చెప్పడానికి వస్తాడేమోనని వాకిలి వైపు చూస్తున్నాను.