నా కాలికి జతగా కట్టిన కోడి

నా ఎడమ కాలు ఇప్పటికీ చలికి సలుపుతుంది. అరకు లోయలో చలికేం తక్కువ, అందుకని ఏడాదిలో సగం రోజులు ఆ కాలితో నాకు తగువే. అది రెండుసార్లు విరిగింది. మొదటిసారి కొండ మీద జారి పడి విరగ్గొట్టుకున్నాను. రెండోసారి మా అమ్మ పట్టుకుంటే మా తాత విరిచాడు.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. థింసాలో వరసకు ముందుండేదాన్ని. ఆడవాళ్ళం ఒకరి వెనక నుంచి ఒకరం చేతులు కలిపి, ఒక్క మనిషిలాగా అడుగులు వేసే ఆట అది. ముందున్న మనిషి అడుగు తప్పితే వరసంతా తడబడుతుంది. నా అడుగు తప్పదని నాకు మహా పొగరు.

పుష్యంలో చోళ్ళ పంట నూర్పులప్పుడు నెత్తిన మోపుతో కొండ దిగుతూ, మంచుకు తడిసిన బండ మీద జారాను. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నా వెనకున్న వదినకు కూడా వినిపించింది. నొప్పికంటే చైత్రం గుర్తొచ్చి ఎక్కువ ఏడ్చాను. చైత్రంలో మగవాళ్ళు వేటకు పోతారు, మేం రోజుల తరబడి ఆడతాం. ఇక ఆడలేనేమోనన్న భయం ఆ బండ మీదే పట్టుకుంది.

మా అమ్మ మేనమామ ఎముకలు కట్టేవాడు. నాకు తాత వరస. ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కాలితో ఘాటు దిగి పట్నం చేరేలోపు ప్రాణమే పోతుంది. తాత ఎముక సరిచేసి, నల్లేరు నూరి పట్టు వేసి, వెదురు బద్దలతో బిగించాడు. తర్వాత మా ఎర్రకోడిని తెమ్మని, దాని కాలు పుల్ల విరిచినట్టు విరిచాడు. దానికీ అదే మందు, అదే కట్టు. మా వాళ్ళ వైద్యం అదే. మనిషి కాలికి కోడి కాలు జత. కోడి కాలు ఊని నడిచిన రోజున మనిషి కట్టు విప్పుతారు. అందాకా ఆ కోడిని కోయకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

"కోడికి ఏటైనా అయితే?" అని అడిగాను.

"అవనియ్యకండి," అన్నాడు తాత. దాన్ని అమ్మ చేతిలో పెట్టాడు.

కోడిని నా తల దగ్గరే గంప కింద ఉంచారు. అది గింజ ముట్టకపోతే నాకూ అన్నం దిగేది కాదు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి గంప లేదు. ఎండలో పెట్టానంది అమ్మ. మర్నాడు కూడా అదే మాట. ఆ తర్వాత తెచ్చి పెడితే, కోడి హుషారుగా గింజలు పొడుచుకు తింటోంది. నా కాలు కూడా బాగుపడుతోందని నేను సంబరపడ్డాను.

అమ్మ మాత్రం మారిపోయింది. పొద్దస్తమానం నన్ను తిట్టే మనిషి తిట్టడం మానేసింది. అడగకుండానే తేనె తెచ్చి పెట్టేది. నేను కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళను గుమ్మంలోంచే పంపేసేది. పెరట్లో ఒకచోట మట్టి కొత్తగా తవ్వి ఉంది, దాని మీద పెద్ద బండరాయి. కుక్కలు తవ్వకుండా పెట్టానంది. ఏం తవ్వుతాయని అడిగితే, "ఏటీ నేదు, నువ్వు తొంగో," అంది. మా ఊళ్ళో మనిషిని అంత మెత్తగా చూశారంటే, ఆ మనిషి మీద ఆశ వదులుకున్నట్టే. కాలు విరిగితే చచ్చిపోతారా అని నాలో నేనే వణికాను.

కోడి ఇల్లంతా తిరుగుతోందని అన్నయ్య వెళ్ళి తాతను పిలుచుకొచ్చాడు. తాత దాని నడక చూసి నా కట్టు మీద చెయ్యి వేశాడు.

"మావా, ఇంకొన్నాళ్ళు ఆగుదాం," అంది అమ్మ.

"కోడి నడుత్తంది కదే," అని ఆయన కట్టు విప్పేశాడు. నన్ను లేపి నిలబెట్టారు. కాలు పచ్చికర్రలా పక్కకు వంగిపోయింది. నేను అరుస్తూనే ఉన్నాను, తాత కోడిని పట్టుకుని దాని కట్టు కూడా విప్పి కాలు తడిమాడు.

"ఈ కాలు ఎప్పుడూ ఇరగనేదు," అన్నాడు.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఆ కోడి సచ్చిపోనాది, మావా. ఇది అలాటిదే ఇంకో ఎర్రకోడి. దీని కాలు ఇరగ్గొట్టడానికి నాకు సెయ్యి రానేదు. ఉత్తినే కట్టు కట్టినాను. ఈ గుంటపిల్లకి తెలిస్తే బెంగతో పోద్దని సెప్పనేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలోనే అర్థమైంది. కోడి పోయిందంటే నేనూ పోతానని ఆమె నమ్మింది. ఆ నమ్మకాన్ని ఇన్నాళ్ళూ ఒక్కతే మోస్తూ నాకు తేనె తినిపించింది.

ఇలాగే వదిలేస్తే వంకరగా అతుక్కుంటుంది, కుంటుతూ నడుస్తావు, ఆట మాత్రం ఉండదన్నాడు తాత. ఆట కావాలంటే ఎముక మళ్ళీ విరిచి కట్టాలన్నాడు. విరవమన్నాను. జత కట్టడానికి కోడిని తెమ్మన్నాడు తాత. అమ్మ ఇంకో పెట్టను తెచ్చి, ఆయన చేతికి ఇవ్వకుండా తనే దాని కాలు విరిచింది. తర్వాత వచ్చి నా భుజాలు నొక్కి పట్టుకుంది.

ఆ చైత్రమంతా డప్పులు వింటూ పడుకున్నాను. వానలు మొదలయ్యాక పెట్ట నడిచింది, దాని వెనక నేనూ నడిచాను. ఇక దాన్ని కోసుకున్నా ఫర్వాలేదని తాత చెప్పాడు. అమ్మ నమ్మలేదు. పొలానికి వెళ్తే గంపలో పెట్టుకుని వెళ్ళేది.

మరుసటి చైత్రంలో నన్ను మళ్ళీ వరసకు ముందు నిలబెట్టారు. కాలు పట్టు తప్పలేదు. నా ఆట చూడటం ఎప్పుడూ మానని అమ్మ ఎక్కడా కనిపించకపోయేసరికి, మధ్యలో చెయ్యి విడిపించుకుని ఇంటికి పరిగెత్తాను. తలుపు దగ్గరగా వేసుకుని, పెట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరంతా ఆటలో ఉంటే కుక్కలకు అడ్డం ఎవరుంటారంది.

"ఒక్క ఆట సూసి వచ్చేద్దువు, రాయే," అన్నాను.

"నీ కాలు నా ఒళ్ళో ఉంది. దీన్నొగ్గేసి నానెక్కడికి వత్తాను? నువ్వెల్లి ఆడు."

బతిమాలాను. కదల్లేదు. గుమ్మం దాటుతూ, నా నడకైనా చూస్తుందేమోనని వెనక్కి తిరిగాను. ఆమె తల వంచుకుని కోడి కాలు నిమురుతోంది.